‘తొలి తరం కత్తి’ అని రాసిచ్చారా?

ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన: ‘బక్ 110 ఫోల్డింగ్ హంటర్. 1964 నాటి తొలి తరం. ఒరతో, పెట్టెతో సహా.’ ముప్పై వేలు పెట్టి కొన్నారనుకుందాం. పార్సిల్ విప్పి, మడత తెరిచి, అలుగు మొదట్లో చూస్తే 110 అనే అంకె పక్కన ఎడమవైపుకు మొన తిరిగిన చిన్న గుర్తు కనిపించింది. అది 1986లో తయారైన కత్తి మీద వేసే గుర్తు. అమ్మినాయన్ని అడిగితే, ‘పాతదే కదండీ, బాగానే తెగుతోంది కదా’ అంటాడు. తెగుతుంది, నిజమే. తెగే కత్తే కావాలంటే కొత్తది ఇంతకంటే చవగ్గా దొరికేది. ముప్పై వేలూ పెట్టింది ఆ ఏడాది కోసం.

ఇలాంటి తగాదాల్లో ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న ‘కేసు ఎక్కడ వేయాలి?’ అని. దానికంటే ముందు తేలాల్సింది వేరే ఉంది. కొనేముందు అమ్మకందారు ఏం చెప్పాడు, ఏం చెప్పకుండా ఊరుకున్నాడు? జవాబు మొత్తం అక్కడి నుంచే మొదలవుతుంది.

ముందు కత్తి సంగతి చూద్దాం. వేటగాళ్ల కోసం, అడవుల్లో గుడారాలేసుకునేవాళ్ల కోసం అమెరికాలోని బక్ కంపెనీ 1964లో ఈ మడత కత్తిని తెచ్చింది. పిడికి రెండు చివర్లా ఇత్తడి, మధ్యలో ముదురు రంగు కర్ర. తెరిస్తే వెన్నువైపు లాక్ పడుతుంది. అరవై ఏళ్లుగా చూపులో పెద్దగా మారలేదు, అదే అసలు చిక్కు. దూరం నుంచి తీసిన ఫొటోలో 1970 నాటిదీ 2010 నాటిదీ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది అలుగు మొదట్లో, పిడిని ఆనుకుని కొట్టిన ముద్రలో. తొలి కత్తుల మీద ‘బక్’ అన్న పేరు ఒక్కటే ఉండేది. ఆ తర్వాత దేశం పేరు వచ్చింది, 1970లలో 110 అనే మోడల్ అంకె చేరింది. 1980ల మొదట్లో ఆ అంకెకు అటూ ఇటూ చుక్కలు, వాటి స్థానంలో చిన్న గీతలు. 1986 నుంచి కంపెనీ ఏడాదికో గుర్తు వేయడం మొదలుపెట్టింది. ఆ ఏడాది మొన ఎడమవైపుకు, 1987లో కుడివైపుకు. కాబట్టి ఏడాది గుర్తు ఉన్న 110 ఏదైనా సరే, 1964 నాటిది అయ్యే ప్రసక్తే లేదు.

ఉక్కు కూడా మారింది. మొదట 440సి, 1980ల మొదట్లో 425 మాడిఫైడ్, 1990ల మొదట్లో 420హెచ్‌సి. అయితే కంటితో చూసి ఉక్కు రకం చెప్పడం ఎవరి తరమూ కాదు. అమ్మేవాడు ఉక్కు గురించి ఎంత ధీమాగా మాట్లాడినా మీరు ముద్ర ఫొటోయే అడగండి. పెట్టెను, ఒరను అసలే నమ్మవద్దు, ఒక కాలం కత్తిని మరో కాలం పెట్టెలో పెట్టి అమ్మడం సేకరణ ప్రపంచంలో పాత విద్య. కంపెనీ 2005లో కాలిఫోర్నియాలోని ఎల్ కాహోన్ నుంచి ఐడహో రాష్ట్రంలోని పోస్ట్ ఫాల్స్‌కు తరలింది. పెట్టె మీద పోస్ట్ ఫాల్స్ చిరునామా ఉంటే ఆ పెట్టె వయసు మీకు తెలిసినట్టే.

ఇక చట్టం. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 15వ సెక్షన్ ఉంది. వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి, అది ఒప్పందంలో రాయకపోయినా ఉన్నట్టే లెక్కించే షరతు. ‘1964 తొలి తరం’ అనే మాట వర్ణనే. అమ్మకందారుకు మోసం చేసే ఉద్దేశం ఉందా, తనకూ తెలియక అన్నాడా అన్నది ఇక్కడ అనవసరం. సరుకు మాటకు సరిపోలేదు, అంతే. వెనక్కిచ్చి డబ్బు అడిగే హక్కు మీకుంది.

ప్రకటనలో ఏడాది లేదనుకోండి, ‘పాత బక్ 110, సేకరణకు బాగుంటుంది’ అని మాత్రమే ఉంది. మీరు ఫొటో చూసి తొలి తరమే అనుకుని కొన్నారు, ఆయన సరిదిద్దలేదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, మాట్లాడాల్సిన బాధ్యత ఉన్న సందర్భంలో తప్ప, ఊరికే నోరు విప్పకపోవడం మోసం కిందికి రాదు. 19వ సెక్షన్ ఇంకో మెలిక పెడుతుంది. ఉద్దేశం లేకుండా తప్పు చెప్పినా, మోసపూరితంగా మౌనం వహించినా, కొనేవాడు మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకోగలిగి ఉంటే ఒప్పందం రద్దు కోరలేడు. ప్రకటనలో ముద్ర స్పష్టంగా కనిపించే ఫొటో పెట్టి ఉంటే, అవతలి లాయరు మొట్టమొదట చూపించేది అదే. తెలిసి తెలిసి అబద్ధం చెప్పినవాడికి మాత్రం ఈ మినహాయింపు అక్కరకు రాదు.

అందుకే నా సలహా ఒక్కటే, కొనేముందు వాట్సాప్‌లోనైనా సరే ఒక ప్రశ్న రాయండి. ‘ఇది ఏ కాలం నాటిది? అలుగు మొదట్లో ముద్ర ఏముంది? ఫొటో పంపగలరా?’ ఆయన ‘1964దే సార్’ అని జవాబిస్తే అంతవరకూ ఉన్న మౌనం మాటగా మారిపోతుంది. ‘నాకు తెలియదు, మీరే చూసుకోండి’ అంటే అప్పుడు కనీసం ఏం కొంటున్నారో తెలిసి ధర చెబుతారు. ‘చాలా పాతది అనుకుంటున్నా’ లాంటి మాట మధ్యరకం. అభిప్రాయాన్ని వర్ణనగా నిరూపించడం కష్టం, దాని మీద ముప్పై వేలు పెట్టవద్దు.

పార్సిల్ వచ్చాక మరో జాగ్రత్త ఉంది, దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఇత్తడి నల్లబడిందని రుద్ది మెరిపించడం, అలుగుకు పదును పెట్టించడం చేయకండి. సేకరణలో దాని విలువ పోవడం సరేసరి, వస్తు విక్రయ చట్టం 42వ సెక్షన్ ప్రకారం అమ్మకందారు యాజమాన్యానికి విరుద్ధమైన పని ఏదైనా చేస్తే సరుకును అంగీకరించినట్టే. తిరస్కరిస్తున్నానని చెప్పకుండా సహేతుకమైన గడువు దాటి ఉంచుకున్నా అంతే. ఒకసారి అంగీకరించారని తేలితే మామూలుగా వెనక్కిచ్చే హక్కు పోయి నష్టపరిహారం అడగడమే మిగులుతుంది. కాబట్టి విప్పేటప్పుడే వీడియో తీయండి, అదే రోజు ముద్ర ఫొటోతో ‘మీరు చెప్పింది ఇది కాదు, వెనక్కి తీసుకోండి’ అని రాయండి.

అమ్మింది వ్యాపారి అయితే మీ చేతిలో ఇంకా బలమైన ఆయుధముంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరుకు ఫలానా రకం, ఫలానా మోడల్ అని అబద్ధం చెప్పడాన్ని అనుచిత వాణిజ్య పద్ధతి అంటుంది. పాత వస్తువును కొత్తదని అమ్మడమూ అందులోకే వస్తుంది. ఈ-కామర్స్ వేదికలో కొంటే, 2020 నిబంధనల ప్రకారం ఫిర్యాదు అధికారి 48 గంటల్లో అందినట్టు తెలిపి, నెలలోపు పరిష్కరించాలి. అది తేలకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి అమ్మకందారు ఊరికి ప్రయాణం అక్కర్లేదు. ఆయన ఢిల్లీలో ఉన్నా మీరు నివసించే గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

ఇందులో ఒక కిటుకు గమనించండి. మళ్లీ లాభానికి అమ్మాలని కొన్నవారిని ఈ చట్టం వినియోగదారుగా గుర్తించదు. పది కత్తులు కొని ఐదు అమ్ముతూ ఉండే సేకరణకర్త కమిషన్‌కు వెళితే అవతలి పక్షం ఈ మాటే ఎత్తుతుంది. అలాగే, ఇంట్లో ఉన్నది ఒక్కసారి అమ్ముకున్న మామూలు మనిషిని వ్యాపారి అనడం కష్టం. అలాంటప్పుడు దారి సివిల్ కోర్టే, పైన చెప్పిన పాత చట్టాలే. ‘పోలీసులకు చెబితే పోదా?’ అంటారు కొందరు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు నిలవాలంటే మొదటి నుంచే మోసపుచ్చే ఉద్దేశం ఉన్నట్టు కనిపించాలి. ముద్రను అరగదీసి కొత్తది కొట్టినా, వేరే కత్తి ఫొటో పెట్టినా అలాంటి ఉద్దేశం ఉందని వాదించవచ్చు. ఏడాది తప్పు చెప్పినంత మాత్రాన పోలీసులు ‘ఇది సివిల్ వ్యవహారం’ అని పంపేస్తారు, అది సబబే.

ఆయుధాల చట్టం గురించి భయపడేవాళ్లున్నారు. 2016 ఆయుధాల నిబంధనల్లో, ఇంటి పనికి, వ్యవసాయానికి వంటి పనుల కోసం తయారైనవి కాకుండా, అలుగు తొమ్మిది అంగుళాల కంటే పొడవో రెండంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తులు ఒక ప్రత్యేక తరగతిలోకి వస్తాయి. బక్ 110 అలుగు మూడు ముప్పావు అంగుళాలు, అంటే 9.5 సెంటీమీటర్లు, ఆ కొలత దాటదు. కానీ ఇదే 110లో బటన్ నొక్కితే తెరుచుకునే ఆటో రకం కూడా ఉంది. రకం తెలుసుకోవడం ఇక్కడ ధర కోసమే కాకుండా కేసు పడకుండా ఉండటానికీ అవసరం. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ స్ప్రింగుతో, బటన్‌తో, అలాంటి యంత్రాంగంతో తెరుచుకునే, 7.62 సెంటీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ పొడవు, 1.72 సెంటీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ వెడల్పు ఉన్న అలుగుల తయారీని, అమ్మకాన్ని, అమ్మకానికి ఉంచుకోవడాన్ని లైసెన్సు పరిధిలోకి తెచ్చింది. హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా ఎన్నికలప్పుడు, ఊరేగింపులప్పుడు మారణాయుధాలతో తిరగరాదని ఉత్తర్వులు వస్తాయి. అప్పుడు జేబులో సేకరణ కత్తి దొరికితే పోలీసు ముందు దాని చరిత్ర చెప్పుకోవడం వృథా ప్రయాస. విమానంలో అయితే చేతి సంచీలో పెట్టకూడదు, చెక్-ఇన్ సామానులోనే.

అమెరికాలో ఉన్న మీ అన్నయ్యో మేనమామో అక్కడే కొని తెస్తున్నారా? అక్కడా న్యాయం దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. బేరంలో కీలకమైన వర్ణన ఇస్తే అది హామీ అవుతుందని అక్కడి యూనిఫాం కమర్షియల్ కోడ్ 2-313 చెబుతుంది. చిన్న మొత్తాలకు స్మాల్ క్లెయిమ్స్ కోర్టులున్నాయి. అయితే తగాదా అక్కడే, ఆయన పేరుతోనే తేలాలి. కత్తి ఇక్కడికి చేరాక మీరు ఫిర్యాదు చేస్తే ‘నీకూ నాకూ ఒప్పందమేది?’ అంటాడు అమ్మినవాడు. అందుకని ఆయన బయల్దేరే ముందే వీడియో కాల్‌లో ముద్ర చూపించమనండి.

రేపు ఇదే కత్తిని మీరే అమ్మాలనుకుంటే ఇవే సెక్షన్లు మీ మీదికి తిరుగుతాయి. ప్రకటనలో ‘1986 గుర్తుంది, పెట్టె వేరే కాలానిది’ అని రాయండి. ముప్పై వేలు రాకపోవచ్చు.