కోడికునుకు, కుంభకర్ణ నిద్ర: వర్చువల్ మెషీనులో ప్రాసెసరుని లేపడం

మామూలు సర్వరు మీద చక్కగా నడిచే అప్లికేషనుని వర్చువల్ మెషీనులోకి మార్చాక మనలో చాలామందికి ఎదురయ్యే ఫిర్యాదు ఒకటుంది. "లోడు ఎక్కువగా ఉన్నప్పుడు బాగానే ఉందండీ, తక్కువగా ఉన్నప్పుడే నెమ్మదిస్తోంది" అంటారు. వినడానికి తిరకాసుగా ఉంటుంది. కిక్కిరిసిన హోటల్లో ఇడ్లీ వెంటనే వచ్చి, ఖాళీ హోటల్లో ఆలస్యంగా రావడం లాంటిది. టాప్ కమాండు చూస్తే ప్రాసెసరు 90 శాతం ఖాళీ. దాంతో అందరూ నెట్‌వర్కుని, డేటాబేసుని, చివరికి జావాని కూడా అనుమానిస్తారు. కానీ చాలాసార్లు దొంగ ఆ ఖాళీలోనే దాక్కుని ఉంటాడు. పని లేక నిద్రపోయిన ప్రాసెసరు లేవడానికి పట్టే సమయమే ఆ దొంగ.

ఈ వ్యాసంలో ఆ ఆలస్యం ఎక్కడ పుడుతుందో, ఎలా కొలవాలో, ఎలా తగ్గించాలో చూద్దాం. ఉదాహరణకి లినక్సునీ, 2007లో విడుదలైన 2.6.20 కెర్నెల్‌తో అందులో చేరిన కేవీఎంనీ తీసుకుంటున్నాను. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకి ఇది వర్తిస్తుంది.

ముందు మామూలు సర్వరు సంగతి

చెయ్యడానికి పని లేనప్పుడు ఆపరేటింగ్ సిస్టం హెచ్ఎల్‌టీ లేదా ఎంవెయిట్ అనే ఇన్‌స్ట్రక్షనుతో ప్రాసెసరుని నిద్రపుచ్చుతుంది. ఈ నిద్రలో మెట్లున్నాయి. వాటినే సీ-స్టేట్లు అంటారు. సీ1 కోడికునుకు. సీ6 కుంభకర్ణ నిద్ర. నిద్ర ఎంత లోతైతే కరెంటు అంత ఆదా, లేవడం అంత ఆలస్యం. స్కైలేక్ సర్వరు ప్రాసెసర్లకి లినక్సు తన పట్టికలో రాసుకున్న అంకెలు చూడండి: సీ1 నుంచి లేవడానికి 2 మైక్రోసెకన్లు, సీ1ఈ నుంచి 10, సీ6 నుంచి 133. అంటే వర్చువల్ మెషీను లేకుండానే అరవై రెట్లకి పైగా తేడా.

నిద్రలో నిద్ర

వర్చువల్ మెషీనులో పరిస్థితి అద్దె ఇంటి లాంటిది. మేడ మీద అద్దెకున్నవాడు గెస్టు, కింద ఉన్న ఇంటి ఓనరు హోస్టు. అద్దెకున్నవాడికోసం ఎవరొచ్చినా ముందు ఓనరుగారి గేటే తట్టాలి.

గెస్టులోని ఆపరేటింగ్ సిస్టం హెచ్ఎల్‌టీ అనగానే అదుపు హోస్టుకి వెళ్ళిపోతుంది. దీన్నే వీఎం ఎగ్జిట్ అంటాం. హోస్టు దృష్టిలో వీసీపీయూ ఒక మామూలు త్రెడ్డు మాత్రమే. దాన్ని పక్కన పెట్టి, వేరే పని ఉంటే అది చూసుకుంటుంది. లేకపోతే తానూ సీ6లోకి జారుకుంటుంది. ఇప్పుడు మేడ మీద ఒకడు, కింద ఒకడు, ఇద్దరూ నిద్రలో ఉన్నారు.

ఇంతలో అదే గెస్టులోని మరో వీసీపీయూ మీద నడుస్తున్న త్రెడ్డు, నిద్రపోయిన వీసీపీయూకి ఒక పని అప్పజెప్పాలనుకుంది. జరిగేది వరసగా ఇది:

1. లేపమని ఒక ఇంటరప్టు పంపుతుంది. ఇంటరప్టు పంపడాన్ని వర్చువలైజ్ చేసే కొత్త ప్రాసెసర్లలో తప్ప, ఇదే ఒక వీఎం ఎగ్జిట్.
2. హోస్టు ఆ వీసీపీయూ త్రెడ్డుని వెతికి లేపుతుంది.
3. ఆ త్రెడ్డు నడవాల్సిన అసలు ప్రాసెసరు సీ-స్టేటు నుంచి బయటికి వస్తుంది.
4. హోస్టు షెడ్యూలరు త్రెడ్డుకి వంతు ఇస్తుంది. గెస్టులోకి మళ్ళీ ప్రవేశం.
5. గెస్టు ఇంటరప్టు అందుకుని, తన షెడ్యూలరుతో అసలు పనిని మొదలుపెడుతుంది.

ఒక్కసారికి ఇవన్నీ కలిపి 50 మైక్రోసెకన్లు అనుకుందాం. ఒక అభ్యర్థన పూర్తయ్యేలోపు త్రెడ్ల మధ్య 20 సార్లు చేతులు మారితే 1 మిల్లీసెకను. ఒకదాని తర్వాత ఒకటి 500 అభ్యర్థనలు పంపే బ్యాచ్ ప్రోగ్రాముకి అర సెకను మేలుకొలుపులకే ఖర్చు. అదే లోడు బాగా ఉన్నప్పుడు ఎవరూ పడుకోరు కాబట్టి ఎవర్నీ లేపక్కర్లేదు. మొదట చెప్పిన తిరకాసుకి జవాబు ఇదే.

కొలిచి చూడండి

మందు వేసే ముందు జ్వరం ఎంతో చూడాలి కదా. గెస్టులో సైక్లిక్‌టెస్ట్ నడిపితే టైమరు మోగాక ప్రోగ్రాము లేవడానికి ఎంత పట్టిందో తెలుస్తుంది. త్రెడ్ల మధ్య చేతులు మారే ఖర్చు కావాలంటే పెర్ఫ్ బెంచ్‌లోని షెడ్ పైప్ పరీక్ష ఉంది. అయితే అందులోని రెండు ప్రాసెసులూ వేర్వేరు వీసీపీయూల మీద నడిచేలా చూసుకోవాలి. ఒకే దాని మీద నడిస్తే అసలు నిద్రే ఉండదు. హోస్టు మీద అధికారం ఉంటే పెర్ఫ్ కేవీఎం స్టాట్‌లో హెచ్ఎల్‌టీ వల్ల వచ్చిన ఎగ్జిట్లు ఎన్నో చూడండి.

ఇవేవీ కుదరకపోతే నేను వాడే చిట్కా ఒకటుంది. గెస్టులో ఒక్కో వీసీపీయూకి ఒక్కొక్కటి చొప్పున, నైస్ 19తో, ఊరికే తిరిగే లూపు ప్రోగ్రాములు నడపండి. అవి ప్రాసెసరుని నిద్రపోనివ్వవు. పనికిమాలిన భారం పెట్టాక అప్లికేషను వేగం పెరిగిందంటే రోగం దొరికినట్టే. ఇది పరీక్షకి మాత్రమే సుమా, ప్రొడక్షనులో వదిలెయ్యకండి.

తగ్గించే దారులు

మొదటిది హోస్టు వైపు పోలింగ్. పొయ్యి మీద పాలు పెట్టి హాల్లోకి వెళ్ళి కూర్చోవచ్చు, లేదా పొంగేదాకా అక్కడే నిలబడి చూడొచ్చు. కాసేపట్లో పొంగుతాయని తెలిస్తే నిలబడడమే మేలు. కేవీఎంలో 2015 నుంచి ఈ సౌకర్యం ఉంది. గెస్టు హెచ్ఎల్‌టీ అన్నాక హోస్టు వెంటనే త్రెడ్డుని పక్కన పెట్టకుండా కొంతసేపు మేలుకుని ఎదురుచూస్తుంది. గరిష్ఠంగా ఎంతసేపో 'హాల్ట్ పోల్ ఎన్ఎస్' అనే పారామీటరు చెబుతుంది. ఇంటెల్, ఏఎండీ యంత్రాల్లో డిఫాల్టు విలువ 2,00,000 నానోసెకన్లు, అంటే 200 మైక్రోసెకన్లు. ఒక్కో వీసీపీయూకి ఈ సమయం 10 మైక్రోసెకన్లతో మొదలై, అవసరాన్నిబట్టి రెట్టింపవుతూ పోతుంది. నిద్ర గరిష్ఠం కంటే ఎక్కువసేపు సాగితే తగ్గుతుంది. ఆ ప్రాసెసరు మీద వేరే పని వస్తే పోలింగ్ ఆగిపోతుంది. డీబగ్ ఎఫ్ఎస్‌లో ఎన్నిసార్లు ప్రయత్నించింది, ఎన్నిసార్లు ఫలించింది అనే లెక్కలు కూడా ఉంటాయి. ఎక్కువసార్లు ఫలించకపోతే విలువ పెంచి లాభం లేదు.

రెండోది గెస్టు వైపు పోలింగ్. 2019లో వచ్చిన లినక్సు 5.4లో సీపీయూఐడిల్ హాల్ట్‌పోల్ డ్రైవరు చేరింది. ఇక్కడ అద్దెకున్నవాడే కాసేపు మేలుకుని కూర్చుంటాడు. లాభాలు రెండు: వీఎం ఎగ్జిట్ తప్పుతుంది, మరో వీసీపీయూ ఇంటరప్టు పంపనక్కర్లేకుండా మెమరీలో ఒక గుర్తు పెడితే చాలు. ఈ డ్రైవరు పనిచేసేటప్పుడు హోస్టు పోలింగ్‌ని ఆపమని చెబుతుంది కూడా, ఇద్దరూ జాగారం చెయ్యకుండా. నష్టం ఏమిటంటే, హోస్టులో వేరే పని వంతుకోసం ఎదురుచూస్తున్నా గెస్టుకి ఆ సంగతి తెలియదు. అందుకే హోస్టు "ఈ ప్రాసెసర్లు నీకే కేటాయించాం" అని సూచన ఇస్తేనే డ్రైవరు తనంతట తాను పనిలోకి దిగుతుంది. లేకపోతే ఫోర్స్ పారామీటరుతో మనమే దింపాలి.

మూడోది ఎగ్జిట్లు లేకుండా చెయ్యడం. 2018 నుంచి క్యూఈఎంయూలో ఓవర్‌కమిట్ ఆప్షను కింద 'సీపీయూ-పీఎం' ఆన్ చేస్తే గెస్టు హెచ్ఎల్‌టీ, ఎంవెయిట్ నేరుగా అసలు ప్రాసెసరు మీదే నడుస్తాయి. వేగం దాదాపు మామూలు సర్వరుకి దగ్గరగా వస్తుంది. కాకపోతే గెస్టు నిద్రపోతున్నా హోస్టు లెక్కలో ఆ ప్రాసెసరు 100 శాతం బిజీ. ఒక్కో వీసీపీయూకి ఒక అసలు ప్రాసెసరుని రాసిచ్చేసినప్పుడే ఇది వాడాలి.

ఇక గెస్టు బూట్ లైనులో ఐడిల్ ఈక్వల్స్ పోల్ అని పెట్టడం మొరటు వైద్యం. ప్రాసెసరు ఎప్పటికీ పడుకోదు. కరెంటు కాలుతుంది, హైపర్‌త్రెడ్డింగులో పక్క త్రెడ్డు వనరులు తినేస్తుంది, టర్బో వేగానికి మిగలాల్సిన అవకాశమూ పోతుంది.

మూల్యం ఎవరిది?

ఈ మధ్య ఒక క్లయింటు సరిగ్గా ఇదే సమస్యకి వీసీపీయూలు రెట్టింపు చేసే పెద్ద మెషీను కొనడానికి సిద్ధమయ్యారు. ఆర్డరు మీద సంతకం పెట్టడమే తరువాయి. నైస్ 19 పరీక్ష చేసి చూపించాక ఆపారు. మేము చేసింది తిరగేసి పని: వీసీపీయూలు సగానికి తగ్గించాం. అదే పని తక్కువమంది మధ్య పంచుకోవడంతో ఎవరికీ గాఢనిద్ర పట్టే తీరిక లేకపోయింది. ఫిర్యాదులు ఆగాయి. వీసీపీయూలు పెంచి ఉంటే నిద్రపోయేవాళ్ళ సంఖ్యే పెరిగేది.

అసలు విషయం ఇదే. పోలింగుతో మిగిలిన ప్రతి మైక్రోసెకనుకీ ఎవరో ఒకరు మేలుకుని ఉన్నారు. సొంత డేటా సెంటరులో ఆ ఖర్చు కరెంటు బిల్లులో కనబడుతుంది. పదిమంది పంచుకునే హోస్టులో పక్క గెస్టు స్టీల్ టైములో కనబడుతుంది. పోలింగు పెంచాక ఖాళీ హోస్టు కూడా బిజీగా కనిపిస్తుంది. ఆ గ్రాఫు చూసి ఎవరైనా కొత్త హార్డ్‌వేరు కొనమనొచ్చు, కాబట్టి మార్చిన సంగతి మానిటరింగు వాళ్ళకి ముందే చెప్పండి.

నా వరస ఇది: ముందు కొలవండి. తర్వాత వీసీపీయూలు అవసరానికి మించి ఉన్నాయేమో చూడండి. హోస్టు మీ చేతిలో ఉంటే సీ6 లాంటి లోతైన నిద్రని ఆపి చూడండి. ట్యూన్డ్‌లోని లేటెన్సీ పెర్ఫార్మెన్స్ ప్రొఫైలు ఆ పని చేస్తుంది. ఆ తర్వాతే హోస్టు పోలింగ్. హోస్టు చేతిలో లేని క్లౌడు మెషీను అయితే, అది కేవీఎం మీద నడిచేదైతే, గెస్టు హాల్ట్‌పోల్ ఒక్కటే మీకున్న మీట. ప్రతి మార్పు తర్వాతా మళ్ళీ కొలవండి. ఒక్కసారికి ఒక్క మీటే తిప్పండి, లేకపోతే ఏది పనిచేసిందో తేలదు.