సర్దుకుపోయే సర్వర్ వద్దు

చిట్టితల్లీ,

లేదమ్మా, నీ కంప్యూటర్‌కి ఏమీ కాలేదు, ఫార్మాట్ చేయాల్సిన పనీ లేదు. జాంప్‌లో అపాచీ వెబ్ సర్వర్ ఎదుట స్టార్ట్ నొక్కగానే వచ్చిన ఎర్ర అక్షరాల ఫొటో పంపావు కాబట్టి సరిపోయింది. నువ్వు రాసినదాంట్లో మాత్రం ‘ఏదో ఎర్రర్’ అని తప్ప మరేమీ లేదు. పీజీ దాకా వచ్చినదానివి, ‘ఏదో’ అని రాస్తే ఎలా? జవాబంతా ఆ ఎర్ర అక్షరాల్లోనే ఉంది. 80వ పోర్టును పీఐడీ 4 వాడుకుంటోందని స్పష్టంగా చెబుతోంది. విండోస్‌లో పీఐడీ 4 అంటే సిస్టమ్. మామూలుగా దాని వెనక మైక్రోసాఫ్ట్ సొంత వెబ్ సర్వర్ ఐఐఎస్ నడుస్తూ ఉంటుంది. సర్వీసెస్ జాబితాలో ‘వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్ సర్వీస్’ కనిపిస్తే ఆపెయ్. ఆపడం ఇష్టం లేకపోతే అపాచీ కాన్ఫిగ్ ఫైల్లో ‘లిసన్ 80’ ఉన్నచోట 8080 చేసి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ పక్కన కోలన్ పెట్టి ఆ అంకె కొట్టు.

ఇక నీ రెండో ప్రశ్న. ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే పేజీ వస్తూనే ఉంది కదా మావయ్యా, మధ్యలో ఈ సర్వర్ దేనికి అన్నావు. మొదటి పేజీకి అక్కర్లేదు, నిజమే. గ్రంథాలయం పుస్తకాల్లో పేరు పెట్టి వెతికే పేజీ రాసినప్పుడు తెలుస్తుంది. పీహెచ్‌పీ కోడు నడవదు, కోడే తెర మీద కనిపిస్తుంది. పక్క ఫైల్లోంచి జాబితా తెచ్చుకోమని జావాస్క్రిప్ట్‌కి చెబితే బ్రౌజర్ భద్రత పేరుతో అడ్డుపడుతుంది. స్లాష్ గీతతో మొదలయ్యే దారి రాశావా, సైటు మొదలు నుంచి వెతకాల్సింది పోయి నీ డిస్కు మొదలు నుంచి వెతుకుతుంది.

అసలు నేను నీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంట్లో పెట్టుకునే సర్వర్ నీతో సర్దుకుపోకూడదు. రేపు నీ సైటు ఎక్కడ ఉండబోతోందో, ఆ యంత్రం ఎంత పట్టుదలగా ఉంటుందో ఇదీ అంత పట్టుదలగా ఉండాలి. నీ పొరపాటును చూసీ చూడనట్టు వదిలేసే సర్వర్ మీద ఎన్నిసార్లు పరీక్షించినా పరీక్షించినట్టు కాదు.

ఎలాగంటే, ఫైళ్ల పేర్లే చూడు. నువ్వు కెమెరా నుంచి దింపిన అట్టబొమ్మల పేర్ల చివర జేపీజీ అన్న మూడక్షరాలూ పెద్దబడిలో ఉంటాయి. నువ్వు కోడులో చిన్నబడిలో రాస్తావు. విండోస్‌కి రెండూ ఒకటే, బొమ్మ చక్కగా వస్తుంది. అద్దెకు తీసుకునే హోస్టింగ్ చాలావరకు లైనక్స్. దానికి ఆ రెండూ వేర్వేరు ఫైళ్లు. ఎక్కించిన రోజున బొమ్మలన్నీ మాయం. ఈ ఒక్క తేడా దగ్గర రాత్రంతా తల పట్టుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను, అందులో మంచి తెలివైనవాళ్లూ ఉన్నారు. పేర్లన్నీ చిన్నబడిలోనే, ఖాళీలు లేకుండా పెట్టుకో. వీలైతే విండోస్‌లోనే డబ్ల్యూఎస్‌ఎల్ ద్వారా లైనక్స్ పెట్టుకుని సైటు దాంట్లో నడుపు. ఒక్క జాగ్రత్త: ఫైళ్లను ఆ లైనక్స్ సొంత ఫోల్డర్‌లో ఉంచాలి. సీ డ్రైవులో ఉంచి అక్కణ్ణుంచి చూస్తే మళ్లీ విండోస్ తీరే వస్తుంది.

తెలుగు సంగతి ఇంకా ముఖ్యం. నీ జాబితాలో పేర్లన్నీ తెలుగువే కదా. మైఎస్‌క్యూఎల్ 2018లో 8.0 వచ్చేదాకా, ఏమీ చెప్పకపోతే లాటిన్1 అనే అక్షరాల పట్టికనే వాడేది. అందులో తెలుగుకు చోటే లేదు. స్ట్రిక్ట్ మోడ్ ఉంటే, లాటిన్1 గడిలో తెలుగు పేరు పెట్టబోగానే ‘కుదరదు’ అంటుంది. అది లేకపోతే నోరెత్తకుండా ప్రతి అక్షరం చోటా ప్రశ్నార్థకం పెట్టి దాచేస్తుంది. అలా దాచిన పేరు మళ్లీ తిరిగి రాదు తల్లీ, అసలు ప్రతి చూసి కొత్తగా ఎక్కించాల్సిందే. అందుకే స్ట్రిక్ట్ మోడ్ ఉందో లేదో ముందు చూడు, లేకపోతే పెట్టు. డేటాబేసు, కనెక్షన్ రెండూ యూటీఎఫ్8ఎంబీ4లో ఉంచు. పేజీ యూటీఎఫ్-8లో ఉంటే చాలు. యూటీఎఫ్-8లో తెలుగు వర్ణానికి మూడేసి బైట్లు పడతాయి. మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త యూటీఎఫ్8 అన్నదాంట్లో మూడు బైట్ల వరకే పడుతుంది కాబట్టి తెలుగు ఇముడుతుంది. కానీ ఎవరైనా అభిప్రాయంలో ఎమోజీ పెట్టారనుకో, దానికి నాలుగు కావాలి.

లోకల్‌హోస్ట్ కింద ఫోల్డర్‌గా కాక, సైటుకు సొంత పేరు పెట్టుకో. హోస్ట్స్ ఫైల్లో 127.0.0.1 ఎదుట ‘గ్రంథాలయం.టెస్ట్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, అపాచీలో ఒక వర్చువల్ హోస్ట్ కలిపితే దారులన్నీ అసలు సైటులో ఉన్నట్టే ఉంటాయి. చివర ‘టెస్ట్’ అనే ఎందుకంటే, 1999లోనే దాన్ని పరీక్షల కోసం కేటాయించారు, ఎవరికీ అమ్మరు. చాలామంది ముచ్చటపడి ‘డెవ్’ అని పెట్టుకునేవారు. అది గూగుల్ చేతికి వెళ్లింది. 2017 చివర్లో వచ్చిన క్రోమ్ 63 ఆ పేరుతో ఉన్న ప్రతి సైటుకూ హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి చేసింది. ముందురోజు దాకా నడిచిన ఇంటి సైట్లు తెల్లారేసరికి తెరుచుకోలేదు.

అమ్మ ఫోన్లో చూపించాలన్నావుగా. ఇద్దరూ ఒకే వైఫైలో ఉంటే, మామూలుగా 192.168తో మొదలయ్యే నీ కంప్యూటర్ అడ్రసు ఫోన్లో కొట్టు. రాకపోతే ఫైర్‌వాల్ చూడు. అంతవరకే. రౌటర్లో పోర్టు తెరిచి స్నేహితులందరికీ లింకు పంపే ఆలోచన మానుకో. జాంప్ వచ్చేదే డేటాబేసు రూట్‌కి పాస్‌వర్డ్ లేకుండా. అది ఇంట్లో నేర్చుకోవడానికి తయారుచేసింది, వీధిలో పెట్టడానికి కాదు.

ముందు హోస్టింగ్ వాళ్ల దగ్గర పీహెచ్‌పీ ఏ వెర్షనో, డేటాబేసు మైఎస్‌క్యూఎలో మరియాడీబీయో కనుక్కో. ఆ రెండూ తెలిస్తే ఇంట్లో ఏది పెట్టాలో ఆదివారం ఫోన్లో మాట్లాడుకుందాం. ఈలోగా అపాచీ ఎర్రర్ లాగ్ తెరిచి చివరి పది పంక్తులూ నువ్వే చదివి, నీకేం అర్థమైందో రాసి పంపు. ఫొటో కాదు.

నీ మావయ్య