తాకని కవ్వం

పెరుగు చిలకాలంటే కుండలోనికి కవ్వం దిగాలి. పాలకడలిని మథించడానికి దేవదానవులకు సైతం మందరగిరి కావలసివచ్చింది. ద్రవాన్ని కదిలించేది ద్రవాన్ని తాకి తీరాలన్నది అనాదిగా మానవుని అనుభవం. రసాయన ప్రయోగశాలలో ఇదే చిక్కుగా పరిణమించింది. మూసిన పాత్రలోనికి కడ్డీని దింపాలంటే మూతకు రంధ్రం చేయాలి. ఆ రంధ్రం గుండా లోపలి ఆవిరి వెలికిపోవచ్చు. వెలుపలి గాలి, తేమ లోనికి చొరవచ్చు. ద్రవం స్వచ్ఛత చెడితే ప్రయోగఫలితమే సందేహాస్పదమవుతుంది.

ఈ చిక్కును అయస్కాంతం విడదీసింది. అమెరికాలో ఆర్థర్ రోసింగర్ 1944లో ఇందుకు తగిన సాధనానికి పేటెంటు పొందాడు. ద్రవంలో, పాత్ర అడుగున, పూత పూసిన చిన్న దండాయస్కాంతం ఉంటుంది. నేడు ఆ పూత సాధారణంగా టెఫ్లాన్. పాత్ర కింది పీఠంలో విద్యుత్ మోటారు మరొక అయస్కాంతాన్ని తిప్పుతుంది. విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి కనుక కిందిది తిరిగిన కొద్దీ పైది దానిని అనుసరిస్తుంది. నడుమనున్న గాజు ఈ బలానికి అడ్డురాదు. అయితే ద్రవం మరీ చిక్కనైనా, వేగం మితిమీరినా లోపలి అయస్కాంతం వెంబడించలేక తడబడి, ఎగిరెగిరి పడుతుంది.

కరిగిన ఉక్కు సంగతి వేరు. సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఏ అయస్కాంతమూ అయస్కాంతంగా నిలువదు. ఇనుము సైతం 770 డిగ్రీలు దాటితే అయస్కాంతానికి బలంగా ఆకర్షితమయ్యే గుణాన్ని కోల్పోతుంది. మరి ఆ ద్రవాన్ని తిప్పడమెలా? దీనికి ఆధారం 1824నాటి ఒక ప్రయోగంలో ఉంది. రాగి అయస్కాంతానికి అంటుకోదు. అయినా ఫ్రెంచి శాస్త్రవేత్త అరాగో రాగి పళ్లెరాన్ని తిప్పగా, దానిపై వేలాడే అయస్కాంత సూది కూడా తిరిగింది. లోహంలో విద్యుత్ ప్రవాహాలు పుట్టడమే ఇందుకు కారణమని 1831లో ఫారడే పరిశోధనలు తేల్చాయి.

ఈ సూత్రంతోనే ఉక్కు కర్మాగారాలలో అచ్చు చుట్టూ తీగచుట్టలను అమర్చి, వాటిలో ఏకాంతర విద్యుత్తును వేర్వేరు దశలలో ప్రవహింపజేస్తారు. తీగచుట్టలు కదలవు, వాటి అయస్కాంత క్షేత్రం మాత్రం తిరుగుతుంది. అది ద్రవలోహంలో విద్యుత్ ప్రవాహాలను పుట్టించి, వాటిపై బలం చూపి, లోహాన్ని తనతో తిప్పుతుంది. ఉక్కు గడ్డకట్టేటప్పుడు కార్బన్, గంధకం వంటివి నడిమికి చేరి అచ్చట పెళుసుదనం కలిగిస్తాయి. మథనం వల్ల ఆ పోగుపాటు తగ్గుతుంది. యంత్రపు ఇరుసులో దాగిన పెళుసు పైకి కనిపించదు. విరిగిన నాడే తెలుస్తుంది. ఆ ముప్పును ఉక్కు ద్రవంగా ఉండగానే తగ్గించడం ఈ కవ్వం చేసే మేలు.

అర్థాలు: మథనం – చిలుకుట, విజాతి – వేరు జాతికి చెందిన, పళ్లెరం – పళ్లెం.

ప్రశ్నలు
1. మూసిన పాత్రలోని ద్రవాన్ని కడ్డీతో కలపడంలో గల చిక్కు ఏమిటి?
2. అయస్కాంతానికి అంటని కరిగిన ఉక్కు ఎట్లా తిరుగుతుందో వివరించండి.