ముందు రెండు రౌటర్లు కలపనివ్వండి, ఫీజు సంగతి తర్వాత

మియాపూర్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేటలోనే దిగొచ్చు, మధ్యలో రైలు మారే పనిలేదు. ఇక్కడి హాస్టళ్లలో ఉంటూ అక్కడ నెట్‌వర్కింగ్ కోచింగ్‌కు వెళ్లే పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగే మాట: "సీసీఎన్‌ఏ, సీసీఎన్‌పీ, సీసీఐఈ మూడూ కలిపి ప్యాకేజీ ఉందట సార్. చేర్పిస్తే ఉద్యోగం ఖాయమే కదా?"

ఖాయం కాదు. ఆ ప్యాకేజీకి అప్పు చేయొద్దు. సీసీఐఈ ల్యాబ్ పరీక్ష ఎనిమిది గంటలు సాగుతుంది. దానికి అయిదు నుంచి ఏడేళ్ల అనుభవం ఉంటే మంచిదని ఈ సర్టిఫికెట్లు ఇచ్చే సిస్కోయే చెబుతోంది. నిన్నగాక మొన్న డిగ్రీ చేతికొచ్చిన పిల్లాడికి ఆ కోర్సు అంటగట్టడం అన్యాయం.

సీసీఎన్‌ఏకు ప్రత్యేక అర్హతలేవీ అక్కర్లేదు. పరీక్ష ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం.

ఆ సిలబస్‌లోని ఓఎస్‌పీఎఫ్‌నే తీసుకోండి. రౌటర్లు తమలో తాము మాట్లాడుకుని దారులు తెలుసుకునే పద్ధతి ఇది. 'రౌటర్ ఓఎస్‌పీఎఫ్ 1' అని కొట్టి, నెట్‌వర్క్ అడ్రస్, వైల్డ్‌కార్డ్ మాస్క్, ఏరియా 0 ఇస్తే కాన్ఫిగరేషన్ అయిపోయినట్టే. ఈ నాలుగు ముక్కలు ఎవరైనా బట్టీ పడతారు. జీతం ఇచ్చేది అది చెడిపోయినప్పుడు బాగుచేసేవాడికి. నెట్‌వర్క్‌ను కంప్యూటర్‌లోనే అనుకరించే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. అందులో రెండు రౌటర్లు కలిపి, ఒకదానిలో హలో టైమర్‌ను (పక్క రౌటర్‌ను పలకరించే వ్యవధిని) 10 నుంచి 15 సెకన్లకు మార్చమనండి. రెండో రౌటర్ 40 సెకన్లు చూసి, పక్కవాడు లేడని తేల్చేస్తుంది. పింగ్ మాత్రం వెళ్తూనే ఉంటుంది! కేబుల్ బాగానే ఉంది, నైబర్ జాబితా ఖాళీ. ఎందుకో సొంతంగా పట్టుకున్న పిల్లాడికి ఇంటర్వ్యూలో "నైబర్ ఎక్స్‌స్టార్ట్ దగ్గర ఆగిపోయింది, ఏం చూస్తావు?" అని అడిగినా తడబాటు ఉండదు. రెండు వైపులా ఎంటీయూ (ప్యాకెట్ సైజు పరిమితి) సరిపోయిందా చూస్తానంటాడు.

డంప్స్ (లీకైన పరీక్ష ప్రశ్నలు) కొని పాసైనవాడు అక్కడే దొరికిపోతాడు. మోసం బయటపడితే సిస్కో సర్టిఫికెట్‌ను రద్దు కూడా చేయగలదు. ఇక బ్యాక్‌డోర్ ఉద్యోగం, దొంగ అనుభవ పత్రం అంటూ లక్షలు అడిగే కన్సల్టెన్సీల గడప తొక్కకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుబడితే డబ్బు పోవడమే కాదు, పిల్లాడి పేరూ పోతుంది.

నా సలహా అడిగితే ఎన్‌ఓసీలో (నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో) చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టమంటాను. జీతం తక్కువే, రాత్రి షిఫ్టులూ ఉంటాయి. కానీ నిజమైన లింకులు తెగేది అక్కడే, పని ఒంటబట్టేదీ అక్కడే. రాత్రి డ్యూటీ అని అమ్మాయిలను ఆపేసే తల్లిదండ్రులకు ఒకటే మాట: క్యాబ్ ఉందా, భద్రత ఎలా ఉంది అని కంపెనీని నిలదీయండి, నిర్ణయం మాత్రం ఆమెకు వదిలేయండి.

మీ పిల్లలు రెండు నెలలు ప్యాకెట్ ట్రేసర్‌తో గడిపాక కూడా ఎవరూ చెప్పకుండానే దాన్ని తెరుస్తుంటే పరీక్ష ఫీజు కట్టండి. విసుగొచ్చిందంటే ఇంకో దారి చూసుకోనివ్వండి. ఎదురింటి అబ్బాయి జీతం మాట ఆ పూట ఇంట్లో ఎత్తకండి.