కాన్పు ఎక్కడ?

ప్రశ్న: మాది తిరుత్తణి పక్క పల్లె. కోడలికి ఏడో నెల. అప్పు చేసైనా ప్రైవేటుకే పోదామంటాడు మావాడు. సర్కారు ఆసుపత్రి చాలదా డాక్టరమ్మా?

జవాబు: అప్పెందుకమ్మా? ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం 2011 నుంచీ ఉచితమే. ప్రైవేటులో విడి గది, చూసిన డాక్టరే కాన్పు చేస్తారన్న ధీమా ఉంటాయి, కాదనను. కానీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడు ప్రైవేటు కాన్పుల్లో నూటికి 64 సిజేరియన్లే. ప్రభుత్వంలో 36. అదీ తక్కువేం కాదులెండి! బీపీ, రక్తహీనత, కవలలు ఉంటే మాత్రం ముందే తిరువళ్లూరు వైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించండి. ప్రైవేటుకే వెళ్తే రాత్రిపూట మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు ఉంటారా, రక్తం దొరుకుతుందా అని అడగండి. నొప్పులొస్తే 108కి ఫోన్ చేయండి.