బండ్లకు నీటి తుంపర: కొనుటకు ముందు ఒక పరీక్ష

అమెరికాలోని అరిజోనా ఎడారి ప్రాంతమున గోల్ఫ్ బండ్లకు, మోటారు సైకిళ్లకు నీటి తుంపర పరికరములను అమర్చుకొనువారు కలరు. తొట్టి, చిన్న పంపు, గొట్టము, సన్నని నాజిళ్లు దాని భాగములు. లీటరు నీరు ఆవిరియగుచు సుమారు 580 కిలోకేలరీల వేడిని గ్రహించును. మన కుండనీరు చల్లబడుటయు ఇట్లే. అయితే పొడిగాలిలోనే ఇది ఫలించును. సముద్రతీరపు ఉక్కలో బట్టలు తడియుటయే మిగులును.

పంచాయతీ బండ్లకు వీనిని కొనుటకు ముందు మేము సూచించు పరీక్ష చేయుడు. మధ్యాహ్నము నీడలో ఉష్ణమాపకపు గుండుకు తడిగుడ్డ చుట్టి, విసనకఱ్ఱతో విసరుడు. పది డిగ్రీల వరకు తగ్గినచో మేలు కలుగును. రెండు మూడు డిగ్రీలే తగ్గినచో సొమ్ము వృథా. తొట్టిలో శుభ్రమైన నీటినే పోసి దినదినము మార్చవలెను.

2015 వేసవి వడగాలులకు తెలుగు రాష్ట్రములలో వెయ్యిమందికి పైగా మరణించిరి. తుంపర వడదెబ్బకు చికిత్స కాదు. సొమ్మసిల్లినవారిని నీడకు చేర్చి, ఒడలు తడిపి విసరుచు, వెంటనే 108కు తెలుపుడు.