నోటి దుర్వాసన: కారణములు, చికిత్స

కొన్నియేండ్ల క్రిందట మా యొకటవ తరగతిలో నొక బాలిక యుండెను. ఆమె ప్రక్కను గూర్చుండుటకు తోడి పిల్లలు ఒప్పుకొనరైరి. నోరు కంపు కొట్టుచున్నదని వారి ఫిర్యాదు. మేమును దగ్గరకు బోయి, అది నిజమే యని తలంచి, బిడ్డను కిటికీ చెంత వేరుగా గూర్చుండబెట్టి, దినమును పండ్లు తోమించి పంపవలెనని యింటికి చీటి వ్రాసితిమి. బాలల యారోగ్యమును గూర్చి శిక్షణ కళాశాలలో పాఠములు విని పరీక్ష నిచ్చిన మేము చేసిన పని యింతియే.

మూడవనాడు షాబాదు వైపు పల్లెనుండి ఆమె నాయనమ్మ వచ్చినది. "సారూ, పొద్దుగాల నేనే తోమిస్త. నాలుక గూడ గీస్త. తప్పు నోటిదా, ఇంకేందిదా మీరే చూడుండ్రి" అన్నది. మేము సిగ్గుపడి, అవ్వను బిడ్డను వెంటబెట్టుకొని చేవెళ్లలోని వైద్యుని యొద్దకు బోయితిమి. ఆయన బాలికను నోరు మూసి ముక్కుతో నూపిరి విడువుమనెను. పిమ్మట ముక్కు పట్టుకొని నోటితో విడువుమనెను. కంపు ముక్కునుండియే వచ్చుచుండెను, అదియు నొక్క రంధ్రమునుండియే. పట్టుకారుతో నాయన వెలికి దీసినది పలక తుడుచు రబ్బరు ముక్క! ఎన్ని వారములుగా నచ్చట నుండెనో ఆ పసిదానికే తెలియదు. చిన్నపిల్లకు ఒక్క ముక్కునుండి మాత్రమే చీము, దుర్వాసన వచ్చినచో లోన గింజయో పూసయో యుండునని తల్లిదండ్రులు తలంపవలయును. ఇంటిలో పుల్లతో గెలుకరాదు; అది మరింత లోనికి బోవును.

అయితే ఇట్టివి అరుదు. పదింట ఎనిమిది తొమ్మిది పాళ్లు దుర్వాసన నోటిలోనే పుట్టును. డెల్ఫ్టు నగరవాసియగు లీవెన్‌హుక్ తన పండ్ల పాచిని సూక్ష్మదర్శినిలో జూచి, అందు మెదలు జీవులను గూర్చి 1683లో లండను రాయల్ సొసైటీకి వ్రాసెను. ఆ సూక్ష్మజీవులలో గొన్ని గాలి తగులని చోటులను గోరును. నాలుక వెనుక భాగపు గరుకుతనము, చిగుళ్ల సందులు, పిప్పిపన్ను తొఱ్ఱ వాని నివాసములు. మిగిలిన యన్నపు మెతుకులలోను, రాలిన చర్మపు పొరలలోను గల మాంసకృత్తులను అవి కుళ్లజేయగా గంధకము గలిసిన వాయువులు పుట్టును. వానిలో నొకటి కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన గలది.

వీనిని కడిగివేయు కాపరి లాలాజలము. దినమునకు అరలీటరు మొదలు లీటరున్నర వరకు ఊరును. నిద్రలో మిక్కిలి తగ్గును. కావుననే తెల్లవారుజామున అందరి నోరును వాసన వేయును. అది రోగము కాదు. ఉదయము ఏమియు దినక బడికి వచ్చువారికిని, నోటితో నూపిరి పీల్చువారికిని ఇట్లే యగును. జొన్నరొట్టెలో ఎల్లిగడ్డ కారము నంజుకొన్న పిమ్మట వచ్చు వాసన వేఱు. ఎల్లిగడ్డలోని యొక పదార్థము రక్తమున గలిసి ఊపిరితిత్తులగుండా వెలువడును గనుక ఎంత పుక్కిలించినను వెంటనే పోదు. దానికై రుచిగల కారమును మానవలసిన పని లేదు.

మన పెద్దలు వేపపుల్లతోగాని కానుగపుల్లతోగాని పండ్లు తోమి, ఆ పుల్లనే రెండుగా జీల్చి నాలుక గీసికొనెడివారు. కొందరు తాటాకు చీలిక వాడుదురు. చరకసంహితలోనే లోహపు నాలుకబద్దల ప్రస్తావన యున్నది. నేటి పిల్లలు బ్రష్షు పట్టిరి; నాలుకను మఱచిరి. బొగ్గు, ఇటుకపొడి మాత్రము పంటి పైపొరను అరుగదీయును గనుక పనికిరావు. పొగాకు పొడితో పండ్లు రుద్దుకొను అలవాటు చిగుళ్లను చెఱచి, నోటి పుట్టకురుపునకు దారితీయును. గుట్కా సంగతి చెప్పనక్కరలేదు.

కావున రేయి పరుండుటకు ముందును, ఉదయమునను ఫ్లోరైడు గల పేస్టుతో రెండు నిమిషములు తోమవలెను. నాలుకను వెనుకనుండి ముందునకు మెల్లగా గీయవలెను. నీరు తఱచు త్రాగవలెను. సోంపు, లవంగము, యాలకులు వాసనను గప్పునే గాని కారణమును దీయవు. సీసాలలో నమ్ము పుక్కిలింత మందులును చాలవఱకట్టివే. 1879లో లిస్టరు వైద్యుని పేర వెలసిన లిస్టరీను అమెరికాలో 1920 ప్రాంతములనుండి దుర్వాసనకు మందుగా ప్రసిద్ధికెక్కినది. నోరు కంపైనచో పెండ్లి కాదని భయపెట్టిన ప్రకటనలే దాని కట్లు పేరు దెచ్చినవి!

తోమునపుడు రక్తము వచ్చినచో తోముట మానుట తప్పు; అది చిగుళ్ల వ్యాధికి గుఱుతు. పండ్లకు బట్టిన గార బ్రష్షునకు రాదు, దంతవైద్యుడే తీయవలెను. గార దీయించిన పండ్లు కదలునని మన పల్లెలలో నొక భయము గలదు. నిజమునకు పండ్లను గదిలించునది గారతో వచ్చు చిగుళ్ల వ్యాధియే. హైదరాబాదు అఫ్జల్‌గంజులోని ప్రభుత్వ దంత వైద్యశాలలో ఈ చికిత్స లభించును.

ఒక్క సంగతి యాలస్యమునకు తగదు. బిడ్డ యూపిరి పండిన పండువలె తియ్యని వాసన వేయుచు, దప్పి, మూత్రము అధికమై చిక్కిపోవుచున్నచో అది మధుమేహము ముదిరిన గుఱుతు కావచ్చును. నాడే ఆసుపత్రికి గొనిపోవలెను.

తన నోటి వాసన తనకు దెలియదు. ముంజేయి నాలుకతో దడిపి, ఆరిన పిమ్మట వాసన చూచినచో గొంత తెలియును. తల్లి నడుగుట మేలు. ఏ వాసనయు లేకయే యున్నదని భయపడి నోరు విప్పని విద్యార్థులును గలరు. వారికి గావలసినది బ్రష్షు గాదు, నమ్మదగిన వారి మాట.

రబ్బరు దీసిన నాలుగవనాడు ఆ బాలికను మొదటి బల్లమీద గూర్చుండబెట్టితిమి. ప్రక్కన గూర్చుండుట కిద్దఱు తగవులాడిరి.